మెదడుకూ కళ్ళెం కావాలి

మా అనంతపురం పల్లెల్లో బిడ్డకు మూర్ఛ వస్తే ‘గాలి సోకింది’ అని చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టేవారున్నారు. మదరసాలో నా వద్ద చదివే ఒక బాలునికి ఫిట్స్ వచ్చినప్పుడు ఇంటివారు నన్ను తావీజు అడిగారు. నేను దుఆ చేసి, నాడీవైద్యునికి చూపించవలసిందేనని పట్టుబట్టాను.

మెదడులో ప్రేరేపించే కణాలతోపాటు వాటికి కళ్ళెం వేసే నిరోధక కణాలూ ఉంటాయి. మెదడు పైపొరలోని నాడీకణాలలో ఇవి దాదాపు 20 శాతం. గర్భస్థ శిశువు మెదడు లోతట్టున పుట్టి, పైపొరకు వలస వచ్చి స్థిరపడతాయి. ‘గాబా’ అనే రసాయనంతో పొరుగు కణాల ఉద్రేకాన్ని అణచుతాయి. ఈ కళ్ళెం సడలితే మూర్ఛ రావచ్చు.

1978లో ఫ్రెంచి వైద్యురాలు షార్లోట్ డ్రావే వర్ణించిన వ్యాధి ఇందుకు నిదర్శనం. అందులో ఏడాది నిండని పసివానికి జ్వరంతోనే దీర్ఘమైన ఫిట్స్ వస్తాయి. జన్యులోపం వల్ల ముఖ్యంగా నిరోధక కణాలే బలహీనపడతాయి. మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈ బిడ్డలకు కీడు చేస్తాయి. కనుక ఒకరి మాత్రలు మరొకరికి ఇవ్వరాదు.

సోదర సోదరీమణులారా! ఫిట్స్ వచ్చిన బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించండి. ఫిట్స్ తగ్గాయని మందులు మీకై మీరు ఆపకండి. దుఆ చేసే చేతులతోనే వేళకు మాత్ర కూడా అందించండి.