కంప్యూటర్‌కు ఢోలక్ నేర్పాం

పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు ముందు కూర్చున్న మనిషిని ఎప్పుడైనా గమనించారా? కుడిచేత్తో పాట వాయిస్తుంటాడు. ఎడమచేత్తో మాత్రం మూడు మెట్లు కలిపి నొక్కిపట్టి ఊరుకుంటాడు. అయినా వెనకనుంచి డ్రమ్స్, బేస్ గిటారు, వయొలిన్లు అన్నీ మోగుతుంటాయి. ఎడమచేతి మెట్లు మార్చాడో లేదో, ఆ వాద్యాలన్నీ బుద్ధిగా అతని వెంట నడుస్తాయి. దాన్ని అరేంజర్ కీబోర్డు అంటారు. ఒక్క మనిషి, ఒక్క డబ్బా... పదిమంది మేళం ఉన్నట్టే.

మహబూబాబాద్‌లో మా ఇంట్లో ఉన్నదీ అలాంటిదే. కాకపోతే కొన్నది కాదు, కూర్చుకున్నది. ఒక పాత కంప్యూటరు, యూఎస్‌బీ తీగతో తగిలించే చిన్న కీబోర్డు, రెండు స్పీకర్లు. మిగతాదంతా సాఫ్ట్‌వేరే. మంచి అరేంజర్ ధర వింటే బడిపంతులు గుండె గుభేలుమంటుందన్నది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది.

జనగామలో మాకో చిన్న భజన బృందం ఉండేది. మా బావ హార్మోనియం వాయిస్తూ పాడేవాడు. పక్కన నా కీబోర్డు. ఢోలక్ అన్నది. సొంత అన్న కాదు, వాడకట్టు అన్న. బొగ్గుబాయిలో ఉద్యోగం వచ్చి ఆయన భూపాలపల్లి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నన్ను మానుకోటకు తెచ్చింది. బావ జనగామలోనే మిగిలాడు. నాకు ఫర్వాలేదు, కాజీపేట మీదుగా రైలుంది. భూపాలపల్లి నుంచి అన్న రావాలంటే పరకాల, హన్మకొండ మీదుగా బస్సులు మారాలి. పైగా షిఫ్టు డ్యూటీ. నవరాత్రుల తొమ్మిది రాత్రుల్లో ఒక రాత్రి కుదిరితే గొప్ప. బావకేమో అరవై దాటాయి, ఆయాసం మొదలైంది. ఏటికేడు పాటలు తగ్గించుకుంటూ వచ్చాడు. "ఢోలక్ లేకుంట పాట నడ్వది బామ్మర్దీ" అనేవాడు. ఆ గొంతు ఇంకెన్ని నవరాత్రులు పాడుతుందో మాకెవరికీ తెలియదు. అందుకని మొదలుపెట్టాను.

ఈ విద్యకంతటికీ పునాది మిడీ. 1983లో వచ్చింది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషి దీని వెనకున్న పెద్దలు. ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మిడీ తీగలో ధ్వని ప్రయాణించదు, చీటీ ప్రయాణిస్తుంది. 'ఫలానా మెట్టు నొక్కారు, ఇంత బలంగా నొక్కారు, ఇప్పుడు వదిలేశారు'... అంతే. ఆ చీటీ చదివి ధ్వని పుట్టించాల్సింది కంప్యూటరు. వీఅరేంజర్, వన్ మ్యాన్ బ్యాండ్ లాంటి ప్రోగ్రాములు ఎడమచేతి చీటీలు చదివి, నేను ఏ స్వరాల గుంపు పట్టానో కనిపెట్టి, ముందే రాసిపెట్టుకున్న వాద్యాల వరసను దానికి తగ్గట్టు మార్చి వాయిస్తాయి. ఆ వరసనే 'స్టైల్' అంటారు. అందులో ఎత్తుగడ ఉంటుంది, నడక నాలుగు రకాలుగా ఉంటుంది, మధ్యలో విరుపులుంటాయి, ముగింపు ఉంటుంది. మన ఢోలక్ విద్వాంసుడు చరణం ముందు ఓ ముక్తాయింపు వేసి పాటగాణ్ని హెచ్చరించడూ, అదీ ఒక మీట నొక్కితే వస్తుంది.

మొదటి వారమంతా ఆలస్యంతోనే సరిపోయింది. మెట్టు నొక్కిన కాసేపటికి ధ్వని వచ్చేది. చెరువు అవతల బట్టలు ఉతికేవాళ్ల చప్పుడు లాగా, దెబ్బ ముందు, చప్పుడు వెనక. కంప్యూటరు ధ్వనిని చుక్కచుక్కగా కాక గుంపులుగా పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాలు. గుంపు పెద్దదైతే ఆలస్యం ఎక్కువ. ఆసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవరు వేసి గుంపును 256కు తగ్గిస్తే దానివల్ల అయ్యే ఆలస్యం 6 మిల్లీసెకన్లకు దిగింది. స్పీకరుకు ఆరున్నర అడుగుల దూరంలో కూర్చుంటే ధ్వని చెవికి చేరడానికి పట్టే సమయం అదే. దానికి ఎవరూ పేచీ పెట్టరు.

అసలు పేచీ తర్వాత వచ్చింది. వాద్యాలకు నంబర్లిస్తూ 1991లో జనరల్ మిడీ అని ఒక పట్టీ తయారుచేశారు. మొత్తం 128 వాద్యాలు. వాటిలో సితార్‌ది 105, షెహనాయిది 112. తాళవాద్యాలకు వేరే పట్టీ ఉంది, అందులో 47 ధ్వనులు. బొంగో ఉంది, కొంగా ఉంది, మరాకస్ ఉంది, బ్రెజిల్ వాళ్ల క్వీకా కూడా ఉంది. తబలా లేదు, ఢోలక్ లేదు, మృదంగం లేదు. డప్పు సంగతి ఇక అడగనే వద్దు. చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథ చెబుతుంటే ఒగ్గుడోలు మోత విన్నవాళ్లు జనగామ చుట్టుపక్కల ఇంటికొకరుంటారు. ఆయన 2017లో వెళ్లిపోయారు. ఆ మోతకు ఆ పట్టీలో నంబరే లేదు.

తర్వాతి కాలంలో యమహా మన దేశం కోసమే పీఎస్‌ఆర్-ఐ వరసలో కీబోర్డులు తెచ్చింది, తబలా, ఢోలక్ పెట్టింది. ఇతర కంపెనీలూ మన ధ్వనులు చేర్చాయి. కాదనను. నెట్‌లో దొరికిన అలాంటి ఢోలక్ ధ్వనులే నేనూ తెచ్చి బావకు వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. "మంచిగనే ఉంది. గని మనోడు కాదు" అన్నాడు.

అయితే మనోడి దగ్గరికే పోవాలి. ఓ ఆదివారం భూపాలపల్లి బస్సెక్కాను.

అన్న క్వార్టరులో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఢోలక్‌కు జానెడు దూరంలో మైకు పెట్టాం. పక్కింటి కుక్కరు కూసినప్పుడల్లా ఆగాం. ఒక్కో దెబ్బను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు రకాలుగా కొట్టించాను. కీబోర్డు మీద వేలు బలాన్ని బట్టి వాటిలో తగినది పలకాలన్నమాట. కుడివైపు అంచు మీద దెబ్బ, మధ్యలో దెబ్బ, ఎడమ చేతి మడిమను తోలు మీద జారిస్తే వచ్చే 'గుమ్మ్' అనే మూలుగు... అన్న ప్రాణమంతా ఆ మూలుగులోనే ఉంది. దానికే గంట పట్టింది. "ఒక్కొక్క దెబ్బ కొట్టుమంటే అన్నంల ఒక్కొక్క మెతుకు తినుమన్నట్టున్నది తమ్మీ" అని విసుక్కున్నాడు. వదిన చాయ్ ఇచ్చాక మళ్లీ కూర్చున్నాడు. చివర్లో, అన్నీ అయ్యాక, పది నిమిషాలు ఆగకుండా వాయించాడు. అది ఆయన కోసం.

ఇంటికొచ్చి ఆడాసిటీలో ముక్కలు కోసి, పాలీఫోన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ముక్కను ఒక్కో మెట్టుకు అతికించాను. దీన్ని సౌండ్‌ఫాంట్ అంటారు. నడక రాసేటప్పుడు ఒక వింత తెలిసింది. నిమిషానికి 96 తాళాల వేగంలో తాళానికీ తాళానికీ మధ్య 625 మిల్లీసెకన్లుంటాయి. కంప్యూటరు దాన్ని 480 భాగాలు చేసి, దెబ్బలన్నిటినీ గీత మీదికి లాగి సరిచేస్తానంటుంది. సరిచేయించి చూశాను. గోడగడియారం భజన చేసినట్టుంది! అన్న చివర్లో వాయించిన పది నిమిషాలనూ తెర మీద కొలిచి చూస్తే, ఆ 'గుమ్మ్' ఎప్పుడూ గీత దాటాక 15 భాగాలు అటూఇటూగా పడుతోంది. అంటే సుమారు 20 మిల్లీసెకన్లు ఆలస్యం. ప్రతిసారీ ఒకేలా కూడా కాదు. ఆ ఆలస్యాన్ని అలాగే ఉంచాను. స్టైల్‌లోని ఎనిమిది ట్రాకుల్లో గిటారునూ బేస్‌నూ నోరు మూయించాను. మా భజనలకు షడ్జమ పంచమాలు మోగుతుంటే చాలు.

నవరాత్రుల మూడోరోజున జనగామలో ఆ డబ్బా పక్కన కూర్చుని బావ ఏడు పాటలు పాడాడు. అంతకుముందు ఏడాది రెండే పాడాడు. ఫోన్లో భూపాలపల్లికి వినిపించాం. అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇగ నేను రాకున్నా నడుస్తదన్నట్టేగా?" అన్నాడు. బావ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "నువ్వొస్తే ఆ మిషిన్ నోరు మూస్తం. అట్ల మీట గూడ ఉన్నదట" అన్నాడు. నిజమే, ఉంది. దీపావళికి అన్న వచ్చినప్పుడు ఆ మీట నొక్కే కూర్చున్నాం.

చిక్కు ఆ తర్వాత మానుకోటలో వచ్చింది. సంగీత దర్శకుడు చక్రిది ఈ పక్కనున్న కంబాలపల్లే. 2000లో 'బాచి'తో మొదలుపెట్టి, 2014లో 40 ఏళ్లకే పోయినా, ఇక్కడ కీబోర్డు పట్టే పిల్లలకు మాత్రం ఆయన ఇంకా పక్కింటి అన్నే. అలాంటి కుర్రాడొకడు, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడుపుతాడు, మా ఇంటికొచ్చి ఈ ఢోలక్ విన్నాడు. "సార్, పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యరా?" అన్నాడు. ఫైలు నాదే కావచ్చు, చేతులు నావి కావు కదా. అన్నకు ఫోన్ చేశాను.

"భజనకైతే ఎవ్వరికైనా ఇయ్యి తమ్మీ, పైస తీస్కోకు. పెండ్లిళ్లకు మాత్రం ఇయ్యకు. ఆడ నాసోంటోళ్లు ఢోలక్ కొట్టి బతుకుతున్నరు."

కుర్రాడికి అదే చెప్పాను. వాడి బృందంలో ఢోలక్ మనిషిని మానేసి రెండేళ్లయిందట, లెక్కలు కుదరక. నేను ఇవ్వకపోతే నెట్‌లో ఇంకో ఢోలక్ దొరుకుతుందనీ అన్నాడు. అదీ నిజమే. బజార్లో కనబడినప్పుడల్లా ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. నేను భూపాలపల్లి బస్సు టైము చెబుతూనే ఉన్నాను.