0.79 గిగాహెర్ట్జ్

మాది రెంటచింతల. ఎండాకాలం వార్తల్లో మా ఊరి పేరు విననివాళ్లు తక్కువ. నేను ఇంట్లోనే కూర్చుని మెడికల్ కోడింగ్ చేస్తాను. అమెరికా ఆసుపత్రుల నుంచి వచ్చే చార్టులు చదివి జబ్బుకీ చికిత్సకీ కోడ్లు వెయ్యాలి. గంటకు ఇన్ని చార్టులని లెక్క. తగ్గితే ఇన్సెంటివ్ పోతుంది. ఇంకా తగ్గితే ఉద్యోగమే పోతుంది. ఆ ఏడు మేం వేసిన మిర్చికి ధర లేదు. ఇంటికి నా జీతమే ఆధారం.

సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్ మొరాయించింది. మొదట్లో కరెంటు పోయినప్పుడే ఆ బాధ. బ్యాటరీ మీదకి మారగానే ఒక్క చార్టు తెరుచుకోవడానికి నిమిషం పట్టేది. తర్వాత నలభై శాతం చూపిస్తూనే టక్కున ఆరిపోయేది. సేవ్ కాని పనంతా మళ్లీ మొదటి నుంచి. కొన్నాళ్లకు కరెంటున్నా అదే వరస. మీట నొక్కితే అక్షరం ఎప్పటికో పడేది.

తలా ఒక మాట చెప్పారు. వైరస్ అంటే ఫార్మాట్ కొట్టించాను. ర్యామ్ చాలదంటే అదీ వేయించాను. తేడా లేదు. "ఈ ఎండకి మనుషులే తట్టుకోలేకపోతుంటే మిషనేం తట్టుకుంటదే" అంది మా అత్తమ్మ. టీమ్ లీడ్ ఫోన్ చేసి, "మీ ఇంటర్నెట్ బాగాలేదేమో మేడమ్, ఇలాగైతే కష్టం" అన్నాడు. ఇంటర్నెట్ కాదు, మిషనేనని చెప్పాను. నమ్మే గొంతు కాదు అది. పగలు తరిగిన లెక్క పూడ్చడానికి రాత్రుళ్లు కూర్చున్నాను. పాప పక్కనే నిద్రపోయేది, నేను తెర వంక చూస్తూ ఉండేదాన్ని.

వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకునే మాట నిజమే. అందుకే తెల్లవారుజామున గది చల్లబడ్డాక తెరిచి చూశాను. లోపలి ఫ్యాన్ చప్పుడే లేదు. అయినా అదే నత్తనడక. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం 0.79 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంది. పనిలో రెండు దాటాల్సిన మిషను. అంటే ఇది వేడి పని కాదు.

గురజాల, పిడుగురాళ్ల మీదుగా బస్సులో నరసరావుపేట వెళ్లాను. అక్కడి మెకానిక్ కుర్రాడు ముందు మిషను విప్పలేదు. నల్ల తెరలో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీ రిపోర్ట్ అని కొట్టాడు. విండోస్‌లోనే ఉండే కమాండ్ అది. కొత్తలో బ్యాటరీ సామర్థ్యం 41 వేల మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు 13 వేలు. "టచ్‌ప్యాడ్ సరిగ్గా నొక్కుడు పడట్లేదు కదక్కా?" అని అడిగి అప్పుడు విప్పాడు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి నెడుతోంది. అదే మోడల్‌కి మంచి బ్యాటరీ పెట్టాక వేగం రెండున్నర దాటింది.

బ్యాటరీ పాతబడితే దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజీ పడిపోయి మిషను ఆరిపోతుంది. అలా ఆరిపోకుండా కొన్ని మిషన్లలో ప్రాసెసర్ వేగాన్ని కట్టిపడేస్తారు. పాత ఐఫోన్లలో ఇలాగే చేస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒప్పుకుంది. ఛార్జర్ పెట్టినా, పని ఎక్కువైన క్షణాల్లో చాలని కరెంటును బ్యాటరీ నుంచే తీసుకునే ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. నాది అలాంటిదే.

ఇక బ్యాటరీ ఎందుకు చచ్చిందంటే, మా అత్తమ్మ మాటే మరో దారిలో నిజమైంది. నూరు శాతం నిండిన లిథియం బ్యాటరీ వేడిలో ఉంటే త్వరగా క్షీణిస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో, ఛార్జర్ తీయకుండా పని చేసేవాళ్లకి ఇంకో దారి ఏముంది? ఇప్పుడు ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టుకున్నాను. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే నిప్పంటుకోవచ్చు, చెత్తలో వెయ్యకూడదు. దాన్ని ఈ-వేస్ట్‌కి పంపిస్తానని కుర్రాడే తీసుకున్నాడు.

రిపోర్టు పంపితే టీమ్ లీడ్ "అయ్యో, ముందే చెప్పాల్సింది మేడమ్" అన్నాడు. చెప్పాను. అప్పుడు చూపించడానికి అంకెలు లేవు, అంతే. తెగ్గోసిన ఇన్సెంటివ్ తిరిగి ఇవ్వలేదు. మా బజారులో ఎవరి ల్యాప్‌టాప్ నెమ్మదించినా, ఫార్మాట్‌కి డబ్బులిచ్చే ముందు ఆ రిపోర్టు తీసి దగ్గర పెట్టుకోమంటున్నాను.