కనిపెట్టుకొని ఉండడం

వార్తాపత్రికలవారు సీసీ కెమెరాను “నిఘానేత్రం” అంటారు. వినడానికి బాగానే ఉంది గాని, విప్పి చూస్తే కొంచెం వింత సమాసం. నిఘా అన్నది పారసీకం నుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన “నిగాహ్”. దానికి చూపు అని అర్థం. అంటే నిఘానేత్రం “చూపుకన్ను” అన్నమాట. మూలభాషలో ఆ చూపుకు కాపాడడం అనే ఛాయ కూడా ఉంది. నిగాహ్‌బాన్ అంటే కాపరి. మన భాషలోకి వచ్చేసరికి ఆ కాపుదల పొలిమేర దగ్గరే ఆగిపోయి, అనుమానం ఒక్కటే లోపలికి వచ్చింది. ఇక సీసీ అనగా క్లోజ్డ్ సర్క్యూట్, మూసిన వలయం. తీగకు ఈ కొసన కెమెరా, ఆ కొసన పెట్టె, నడుమ పరాయివాడికి ప్రవేశం లేదని భావం. ఇప్పుడు మా గుమ్మం డాలస్‌లో ఉన్న మా అబ్బాయి చేతిఫోనులో కనిపిస్తున్నది. ఇది ఏపాటి మూసిన వలయమో చదువరులే చెప్పాలి.

ఈ పదచర్చ ఎందుకంటే, హైదరాబాదులో మేముండే అపార్టుమెంటులో, మూడవ అంతస్తులోని మా ఫ్లాటుకు ఈ ఏర్పాటును ఈ మధ్యనే దగ్గరుండి చేయించాను. దొంగల భయం వల్ల కాదు. మా ఇంట ఎత్తుకుపోదగినవి నిఘంటువులే. వాటిని మోయగల దొంగ వస్తే అతడితో కాసేపు మాట్లాడాలని ఉంది. కారణం మా శ్రీమతి. ఆమె కూడా బడిలో సాంఘికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషే. రెండేళ్లుగా ఆమెను మరపు పట్టుకొన్నది. వైద్యుడు దానికి పేరు చెప్పాడు, మందులు వ్రాశాడు, ఇది నెమ్మదిస్తుందే గాని తగ్గదని మర్యాదగా తెలియజేశాడు. ఢిల్లీ సుల్తానులను వరుస తప్పకుండా చెప్పగలదు. పొయ్యి కట్టిందో లేదో చెప్పలేదు. మొన్న వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున తలుపు తీసుకొని, చేతిసంచితో క్రిందికి దిగి, తెనాలి బస్సు ఎక్కడ ఆగుతుందని వాచ్‌మన్‌ను అడిగింది. తెనాలి ఆమె పుట్టిల్లు. అక్కడ ఇప్పుడు మావారెవ్వరూ లేరు.

వాచ్‌మన్ తెలివైనవాడు కనుక, బస్సుకు ఇంకా వేళ ఉందమ్మా అని కుర్చీ వేసి కూర్చోబెట్టి నాకు కబురు పెట్టాడు. సంగతి విన్న మా అబ్బాయి ఆ వారంలోనే కెమెరాల మాట ఎత్తాడు.

బిగించడానికి వచ్చిన కుర్రవాడు ముందుగా నాకు పాఠం చెప్పాడు. డీవీఆర్ అని ఒకటి, ఎన్‌వీఆర్ అని ఒకటి. మొదటిదానిలో కెమెరాకు బొమ్మ కోసం ఒక తీగ, కరెంటు కోసం మరొకటి. రెండవదానిలో నెట్ తీగ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, వంద మీటర్ల దూరం దాకా. గోడలకు తక్కువ కన్నాలు పడతాయని రెండవదే ఎంచుకొన్నాను. కెమెరాలు రెండు: ఒకటి మా గుమ్మానికి, ఒకటి లిఫ్టు, మెట్లు కలిసే చోటుకు. అది అందరూ నడిచే దారి కనుక అసోసియేషన్‌వారి అనుమతి అడిగాము, ఇచ్చారు.

ఎన్ని రోజుల దృశ్యాలు దాచాలన్న దగ్గర చిన్న వాదం జరిగింది. ముప్ఫై రోజులు ఉండాలి సార్, చట్టం అన్నాడతను. అతను చెప్పినది 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజాభద్రత చట్టం. అది వందమందికి తక్కువ కాకుండా జనం చేరే సంస్థలకు, దుకాణాలకు వర్తించేది. నా గుమ్మం దగ్గర పాలవాడు, నేను తప్ప ఎవరూ చేరరు. తెలుగు పండితుడికి లెక్కలు రావన్న అపవాదు ఒకటి ఉన్నది గనుక కాగితం మీద వేసి చూపించాను. ఒక్కొక్క కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పంపుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు; దినానికి 86,400 సెకన్లు. అంటే రోజుకు 21.6 గిగాబైట్లు, రెండు కెమెరాలకు 43.2. ఒక టెరాబైటు డిస్కు ఇరవైమూడు రోజులకు నిండుతుంది. తరువాత పెట్టె తనంతట తానే అన్నిటికంటె పాత రోజును చెరిపి, దాని మీద కొత్త రోజును వ్రాస్తుంది. నాకు ఇరవైమూడు చాలును అన్నాను. పాతది చెరుగుతూ కొత్తది నిలిచే ఈ పద్ధతి మా ఇంట్లోని మరపుకు సరిగ్గా తలకిందులు. మా ఆవిడకు నిన్నటిది చెరిగిపోతుంది, యాభై ఏళ్ల నాటిది చెక్కుచెదరదు.

కెమెరాలు పెట్టించుకొనేవారికి పనికివచ్చే సంగతులు రెండు చెప్పి ముందుకు పోతాను. పెట్టెలోని గడియారం చూసుకోండి. మాది వచ్చినప్పుడు చైనా కాలంలో, మనకంటె రెండున్నర గంటలు ముందు నడుస్తున్నది. వేళ తప్పిన సాక్ష్యం ఎవరికీ కొరగాదు. రెండవది, తయారుచేసినవాడు పెట్టి పంపిన సంకేతపదాన్ని ఆ రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే దుష్టక్రమణిక ఇటువంటి కెమెరాలనూ పెట్టెలనూ లక్షల సంఖ్యలో వశపరచుకొన్నది. తాళం చెవులు అన్ని ఇళ్లకూ ఒకటే కావడమే దాని బలం. యజమానులకు తెలియకుండానే వారి కెమెరాలు పోయి లోకంలోని పెద్ద పెద్ద సైట్లను పడగొట్టాయి. మా సంకేతపదం ఒక ఛందస్సు పేరు, గణాల లెక్కతో సహా. ఏ ఛందస్సో చెప్పను.

మొదటి వారమంతా బల్లుల పాలు. చీకట్లో కెమెరా పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ఆ వెలుగుకు పురుగులు, పురుగులకు బల్లులు. బల్లి కదిలినప్పుడల్లా డాలస్‌లో ఫోను మోగేది. “నాన్నా, ఎవరో ఉన్నారు!” అని వాడు, “బల్లిరా నాయనా, పడుకో” అని నేను. వాడికది పగలన్న మాట నాకు గుర్తుండేది కాదు.

అసలు చిక్కు ఎదురింటి గుమ్మంతో వచ్చింది. నడవ ఇరుకు. మా తలుపు పూర్తిగా కనబడాలంటే ఎదుటి తలుపు సగం తప్పక పడుతుంది. అక్కడ ఉండేది ఒంటరిగా ఉద్యోగం చేసుకొనే అమ్మాయి. అమెరికా వేళల్లో పని; రాత్రి మూడింటికో నాలుగింటికో ఇంటికి చేరుతుంది. బిగించిన నాటి సాయంత్రమే వచ్చి, “అంకుల్, మా గుమ్మం కూడా పడుతుందా?” అని అడిగింది. గొంతులో కోపం లేదు. ఇటువంటి ప్రశ్నలు అడిగి అడిగి అలసిన మనిషి గొంతు అది. ఏ వేళకు వచ్చింది, ఎవరితో వచ్చింది అని లెక్కలు కట్టే ఇళ్లు ఈ నగరంలో ఎన్ని లేవు! వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో చెప్పింది. అది రాజ్యాన్ని ఉద్దేశించి చెప్పిన మాట కావచ్చును. నడవలో ఎదురుబొదురుగా బ్రతికే రెండు కుటుంబాలకు మాత్రం పనికిరాదా?

పెట్టెలోనే దానికి ఉపాయం ఉంది. బొమ్మలో ఏ భాగం అక్కరలేదో అక్కడ నల్లని దీర్ఘచతురస్రం గీస్తే, అది కనబడదు, నమోదూ కాదు. ఆ అమ్మాయిని పిలిచి, ఆమె ఎదుటే ఆమె గుమ్మం మీద ఆ తెర వేయించాను.

తెలుగులో “కనిపెట్టు” అన్న క్రియ ఒకటి ఉన్నది. దొంగను కనిపెట్టవచ్చు. ఆవిరియంత్రాన్నీ కనిపెట్టవచ్చు. జబ్బుమనిషిని కనిపెట్టుకొని ఉండవచ్చు. మొదటి రెంటికీ చురుకైన కన్ను చాలు. మూడవదానికి పక్కన మనిషి ఉండాలి. “కొని” అన్న ఆ చిన్న ముక్కతో చూపు చూచేవాడి మీదికి తిరిగి, బాధ్యత అవుతుంది.

ఇది మా అబ్బాయితో వాదులాడవలసి వచ్చినప్పుడు తట్టినది. వాడు ఇంటిలోపల, పడకగదిలో కూడా కెమెరా ఉండాలన్నాడు. “మీరు నిద్రపోయే వేళ నాకు పగలు నాన్నా. నేను చూస్తూ ఉంటాను కదా” అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పద్నాలుగువేల కిలోమీటర్ల అవతల ఉన్న కొడుకు ఇంకేమి చేయగలడు? అయినా ఆమె చీర మార్చుకొనే గది అది. ఆమె తడబడేది, ఏడ్చేది, నన్ను గుర్తుపట్టక తిట్టేది అక్కడే. వద్దని నేను అనుకోవడం వేరు, ఆమెను అడగడం వేరు. ఉదయం పూట ఆమె మనసు తేటగా ఉంటుంది. అటువంటి ఒక పూట కాఫీ ఇచ్చి అడిగాను. కాసేపు ఆలోచించి, “ఇంట్లో కూడా పరీక్షహాల్లో కూర్చున్నట్లు కూర్చోవాలాండీ?” అన్నది. ముప్ఫై ఏళ్లు పరీక్షహాళ్లలో పచార్లు చేసిన మనిషి మాట అది. అబ్బాయికి యథాతథంగా చెప్పాను. వాడు మళ్లీ ఎత్తలేదు.

కెమెరాకు బదులు తలుపుకొక అయస్కాంతపు ముక్క, ద్వారబంధానికి దాని జత బిగించాము. తలుపు తెరుచుకొని రెండూ ఎడమైతే నా తలగడ దగ్గర గంట మ్రోగుతుంది. కొద్దిపాటి ఖర్చు. ఎవరి బొమ్మా తీయదు.

పోయిన నెల ఒక రాత్రి గంట మ్రోగింది. కళ్లజోడు వెదకి, మోకాళ్లను బతిమాలి గుమ్మం చేరేసరికి నాకు పట్టిన కాలం ఒక నిమిషం, పైన కొంత. మెట్ల మీద మా ఆవిడ, ఎదురింటి అమ్మాయి పక్కపక్కన కూర్చొని ఉన్నారు. మా ఆవిడ చేయి ఆ అమ్మాయి చేతిలో ఉన్నది. తెనాలి కాలువల గురించి ఏదో చెబుతున్నది. ఆ అమ్మాయి పని నుండి అప్పుడే వచ్చి, తాళం తీయబోతున్నదట. మరునాడు పెట్టెలో చూశాను. 3.42కు మా తలుపు తెరుచుకుంటుంది, ఆమె బయటికి వచ్చి అటూ ఇటూ చూస్తుంది. ఆ నల్లని తెరలో నుండి మొదట ఒక చేయి, తరువాత మనిషి వస్తారు.

ఆ కాస్త భాగాన్ని చెరిగిపోకముందే పెన్‌డ్రైవులోకి తీయించాను. అబ్బాయి పంపమన్నాడు. ఆ అమ్మాయి కూడా అందులో ఉన్నది కనుక ఆమెను అడిగి పంపాను. ఆమె రాత్రి డ్యూటీలు వచ్చే నెలతో అయిపోతాయట. గంటకు కొత్త బ్యాటరీ వేయించాలి.