అబ్బా ఎక్కడ?

మా అబ్బా సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసినా నాష్తాకి ఇంట్లో ఉండేవారు. గోదావరిఖనిలో పెరిగిన మా ఆపాకి బాప్ అంటే అదే.

దుల్హేభాయ్‌ది జుబైల్‌లో నౌక్రీ. బీవీ బచ్చాల్ని పిలిపించుకున్నారు గానీ, షట్‌డౌన్ పనులకని నెలలో సగం యాన్బూలోనే. జుబైల్ గల్ఫ్ ఒడ్డున, యాన్బూ ఎర్ర సముద్రం ఒడ్డున. మధ్యలో ముల్క్ మొత్తం. సౌదీలో 2018 జూన్ దాకా ఆడవాళ్ళకి కారు నడిపే ఇజాజత్ లేదు. రాత్రిపూట పిల్లలకి బుఖార్ వస్తే ఆపా పక్కింటి తలుపు తట్టాల్సిందే.

2017 జూలై నుంచి అక్కడి సర్కారు డిపెండెంట్ ఫీజు పెట్టింది. మనిషికి నెలకి 100 రియాళ్ళు, ఏటా ఇంకో వంద. 2020కి 400. నలుగురికి 1600! 2019లోనే ఆపా పిల్లల్తో ఖనికి వచ్చేసింది.

"అబ్బా యాదికొస్తున్నారా?" అని చిన్నోణ్ణి అడిగాను.

"అక్కడ కూడా ఫోన్‌లోనే ఉండేవారు కదా మామూ!"

ఫ్యామిలీని తీసుకెళ్ళాలనుకునే భాయీలూ, తన్ఖా ఎంతో అడిగినట్టే, నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో ఉండనిస్తారో కూడా అడగండి.