మిరపసీమలో పొగలేని బండి

గుంటూరు నుంచి పడమరగా పోయే రైలుబండి నల్లపాడు దాటిందంటే చాలు, ఊరి సందడి వెనకబడి పొలాల గాలి మొదలవుతుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఈ దారిన ప్రయాణం చేసేవారు చేతిరుమాలు దగ్గర పెట్టుకోవడం మంచిది. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి వచ్చి పలకరిస్తుంది. ఒకరు తుమ్మితే పెట్టెలో నలుగురు తుమ్ముతారు. మిరపచేల మధ్య నల్లరేగడిలో పత్తి. చివరి తీత అయిపోయాక, మోళ్ళ మీద మిగిలిన దూది పింజలు ఇంకా తెల్లగా కనిపిస్తూనే వుంటాయి.

నరసరావుపేట దాటాక వినుకొండ. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ గనుక వినుకొండ అయిందని అక్కడి వారు చెబుతారు. ఆ తర్వాత దొనకొండ, పలకలకు పేరుపడ్డ మార్కాపురం, గుండ్లకమ్మకు అడ్డుకట్టగా విజయనగర రాజుల కాలంలో వెలసిన చెరువుగల కంభం, ఆపైన గిద్దలూరు. అక్కడినుంచి నల్లమల అడవి. కొండల్ని చీల్చుకుని బండి నంద్యాల వైపు దిగుతుంది.

ఈ దారి మూడు తరాల ఇంజన్లను చూసింది. పంతొమ్మిదో శతాబ్దం చివర సదరన్ మరాఠా రైల్వే కంపెనీ మీటరు గేజి పట్టాలు వేసినప్పుడు బొగ్గు బండ్లు నడిచేవి. కిటికీ దగ్గర కూర్చున్నవాడి కంట్లో నలుసు పడకుండా వుండేది కాదు. ఆ తర్వాత డీజిలు వచ్చింది. 1990లలో పట్టాలు బ్రాడ్ గేజికి మారాయి. ఇప్పుడు దారి పొడుగునా స్తంభాలు, వాటిమీద రాగితీగ. 25 వేల వోల్టుల కరెంటు ఆ తీగలో పారుతుంది. ఇంజను నెత్తిమీది చట్రం తీగను తాకుతూ దాన్ని అందుకుంటుంది. పొగ లేదు, నుసి లేదు.

మరి ఆ డీజిలు ఇంజన్లన్నీ ఏమయినట్టు? తీగ వేయడం ఎంత ఖర్చయినా లెక్కకు అందే పనే. కాని వేలకొద్దీ ఇంజన్లు, కొన్నిటికి సగం ఆయుష్షయినా తీరనివి, ఒక్కసారి పనిలేనివయ్యాయి. సంసారం చేసుకునే వారెవరికైనా ఇది ప్రాణం ఒప్పని విషయం.

ఇలాంటి చిక్కు మన మెట్ట రైతులకు కొత్తది కాదు. పూర్వం బావులమీద ఎద్దులతో మోట తోలేవారు. తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. తెల్లవారుజామున వాటి టకటక వినపడని ఊరు లేదు. ఊరికి కరెంటు వచ్చాక రైతు ఏం చేశాడు? బావి పూడ్చి వేరొకటి తవ్వాడా? లేదు. ఇంజనును దింపి ఆ చోటనే మోటారు బిగించాడు. బావి అదే, పంపు అదే, కాలువ అదే. తిప్పేది మాత్రం మారింది.

రైలింజనుకు కూడా ఈ ఉపాయం చెల్లుతుంది. డీజిలు రైలింజనులో నూనె మండి, ఆ బలం నేరుగా చక్రాలకు పోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. నూనెతో తిరిగే పెద్ద ఇంజను ఒక కరెంటు యంత్రాన్ని తిప్పుతుంది. ఆ కరెంటు కిందికి పోయి ఇరుసుల దగ్గర వున్న మోటార్లను నడుపుతుంది. చక్రాలను తిప్పేవి ఆ మోటార్లే. అంటే డీజిలు రైలింజను తన కరెంటు తానే తయారుచేసుకుంటూ పరుగెత్తే విద్యుత్ ఇంజనన్నమాట! కరెంటు పైనుంచి దొరుకుతున్నప్పుడు ఆ పొయ్యిని, నూనె తొట్టిని మోసుకు తిరగడమెందుకు?

ఈ ఆలోచనను కాశీలోని డీజిలు ఇంజన్ల కర్మాగారం వారు చేసి చూపారు. 1964 నుంచి మన దేశానికి డీజిలు ఇంజన్లు తయారుచేసి ఇచ్చినది ఈ కర్మాగారమే. వారు 2017 డిసెంబరు 22న పని మొదలుపెట్టి, రెండు పాత గూడ్సు ఇంజన్లను విప్పి విద్యుత్ ఇంజన్లుగా మార్చారు. రెంటినీ జంటగా కలిపి 2018 ఫిబ్రవరి 28న బయటికి పంపారు. మొత్తం పట్టింది 69 రోజులు. 2019 ఫిబ్రవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ కాశీలో దానికి పచ్చజెండా ఊపారు.

అంతకుముందు ఒక్కొక్క ఇంజను బలం 2600 అశ్వశక్తి అని, మార్చాక 5000 అయిందని రైల్వేవారు ప్రకటించారు. జంటగా 10,000. పాత శరీరానికి ఇంత బలం ఎక్కడిదంటే, డీజిలు ఇంజను తన కడుపులో తయారైన కరెంటు మేరకే లాగగలదు. తీగ కింద నడిచేదానికి ఆ హద్దు లేదు. ఇక ఖర్చు. డీజిలు రైలింజను ఆయుష్షు 36 ఏళ్ళని లెక్క. 18వ ఏట దాన్ని పూర్తిగా విప్పి బాగుచేయాలి. అందుకు 5, 6 కోట్ల రూపాయలవుతుంది. విద్యుత్తుకు మార్చడానికి అందులో సగమే సరిపోయిందట.

ఇంత లాభసాటి పని పెద్దయెత్తున ఎందుకు సాగలేదు? కొత్త ఇంజన్లు అంతకన్నా ముందుకు పోయాయి. ఇప్పటి విద్యుత్ గూడ్సు ఇంజను ఒక్కటే 6000 అశ్వశక్తికి పైగా లాగుతుంది. అంతేకాదు, నల్లమల దిగుడులో బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును తిరిగి తీగకే ఇచ్చివేస్తుంది. కాశీ కర్మాగారం కూడా విద్యుత్ ఇంజన్ల తయారీకే మళ్ళింది. 2020లో పేరులోని డీజిలు మాట తీసివేసి బనారస్ రైలింజన్ల కర్మాగారమని పిలుచుకుంది. పాత ఇంటికి మరమ్మతు చేయించడమా, కొత్త ఇల్లు కట్టుకోవడమా అన్న ప్రశ్నకు రైల్వేవారు కొత్త ఇంటివైపే మొగ్గారు.

అయితే డీజిలు ఇంజన్లన్నీ పాతయినుము అంగడికి పోలేదు. 2020 జూలైలో మన దేశం పది ఇంజన్లను బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. వాటికి ఇంకా 28 ఏళ్ళకు పైగా ఆయుష్షు వుంది. 2023లో మరో ఇరవై వెళ్ళాయి. విచిత్రమేమంటే ఆ 2020 జూలైలోనే మన ఎండుమిరప కూడా అదే దేశానికి రైలెక్కింది. కరోనా రోజుల్లో లారీలు సరిగా నడవక గుంటూరు సరుకు చిక్కుకుపోయింది. గూడ్సు బండి కట్టాలంటే 1500 టన్నులకు పైగా కావాలి. చిన్న రైతులకు, చిన్న వర్తకులకు అంత సరుకెక్కడిది? అప్పుడు రైల్వేవారు గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి సరిహద్దు అవతలి బెనాపోల్‌కు పార్సెలు బండి ఏర్పాటుచేశారు. 16 పెట్టెల్లో 384 టన్నుల ఎండుమిరప వెళ్ళింది. లారీ మీద టన్నుకు సుమారు 7000 రూపాయలయ్యే కిరాయి, రైలు మీద 4608 రూపాయలే అయింది.

మిరప రైతుకు కావలసిన లెక్క ఇది. బండిని లాగేది బొగ్గా, నూనెనా, కరెంటా అన్నది అతనికి ముఖ్యం కాదు. కాయ మెత్తబడకముందే బస్తా కదలాలి, కిరాయి గిట్టుబాటు కావాలి. నూనెలో ఎక్కువ భాగం పరదేశాలనుంచి కొనవలసినదే. కరెంటు మన గడ్డమీద తయారవుతుంది. అందులో చాలా భాగం బొగ్గుతో తయారయ్యేదే గనుక, ఇంజను దగ్గర లేని పొగ మరోచోట లేస్తూనే వుందన్నది కూడా నిజం. నాగార్జునసాగరం, శ్రీశైలం వంటి జలవిద్యుత్తు, ఎండతో పుట్టే విద్యుత్తు పెరిగినకొద్దీ ఆ పొగ తగ్గాలి.

మరొక మాట. మన కోస్తాకు తుఫానులు కొత్త కావు. గాలికి స్తంభం ఒరిగి తీగ తెగిన రోజున, ఎంత బలమైన విద్యుత్ ఇంజనైనా కదలకుండా నిలబడవలసిందే. ఆ రోజుకు ఆదుకునేది డీజిలే. కరెంటు మోటారు పెట్టుకున్నా పాత ఆయిల్ ఇంజనును కొట్టంలో భద్రంగా దాచుకున్న రైతు తెలివి రైల్వేవారికీ అవసరం.

ఇంజన్లకన్నా కష్టమైన మార్పు మనుషులది. ఈ రైలుదారికి పడమటి కొసన వున్న గుత్తి షెడ్డు దశాబ్దాలుగా డీజిలు ఇంజన్లకు పుట్టినిల్లు వంటిది. చప్పుడు విని జబ్బు చెప్పగల పనివారు అక్కడ తయారయ్యారు. ఇప్పుడు ఆ షెడ్డు విద్యుత్ ఇంజన్లనూ సాకుతోంది. నూనె జిడ్డుకు అలవాటుపడ్డ చేతులు కొత్త విద్య నేర్చుకోవలసి వచ్చింది. ఇనుప చట్రాన్ని 69 రోజుల్లో మార్చవచ్చు గాని, ముప్ఫయ్యేళ్ళ పనితనాన్ని మార్చుకోవడానికి అంతకన్నా ఓర్పు కావాలి.

ఈసారి మీరు గిద్దలూరు వైపు వెళ్ళినప్పుడు ఏ స్టేషనులోనైనా ఎదురుబండి కోసం ఆగితే, పక్క పట్టాల మీది గూడ్సును ఒకసారి చూడండి. దాని నెత్తిన తీగ, ఆ వెనుక చేలో బావి, బావి గట్టున మోటారు. రెండింటికీ ఒకటే ప్రాణం, కరెంటు.