అద్దాలు మూస్తే వచ్చే తలనొప్పి

వాయులింగం వెలసిన శ్రీకాళహస్తిలో ఉంటూ గాలిని గురించి వ్రాయడానికి నాకు మా పాత పెట్రోలు కారు కారణమైనది.

కొన్ని నెలల క్రితం మా శ్రీమతికి ఒక తలనొప్పి మొదలైనది. అది ఇంట్లో రాదు. అద్దాలు మూసి, ఏ.సి. వేసుకొని తిరుపతికి బయలుదేరితేనే వస్తుంది. ఏర్పేడు దాటేసరికి తల బరువెక్కుతుంది. రేణిగుంట చేరేసరికి వికారం. కారు దిగిన తరువాత సాయంత్రానికి నెమ్మదిగా తగ్గుతుంది. అద్దాలు దించుకొని వెళ్లిన రోజున రానే రాదు. బండి ఆగినప్పుడు లోపల కొద్దిగా పొగవాసన. ఈ తలనొప్పికి మందు కారుకే వేయాలని గ్రహించి షెడ్డుకు తీసుకొనిపోయాను.

మెకానిక్కు మొదటిసారి ఏ.సి. ఫిల్టరు మార్చి, ఒక సెంటు సీసా అమర్చాడు. రెండవసారి సైలెన్సరు అతుకుకు వెల్డింగు చేశాడు. మేము అద్దాలు దించే తిరుగుతున్నా, సిగ్నలు దగ్గర ఆగితే మళ్లీ అదే వాసన. మూడవసారి వెళితే, “మేము చూసినాం కదా సార్. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. ధైర్యంగా తోలుకోండి” అన్నాడు.

ఆ సర్టిఫికెట్టు అబద్ధం కాదు. కాని ఆ పరీక్ష సైలెన్సరు చివర వచ్చే పొగను మాత్రమే కొలుస్తుంది. ఇంజిను వద్దనే పొగ బయటికి కారుతుంటే దానికి తెలియదు. కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మార్చే కెటలిటిక్ కన్వర్టరును చేరకముందే కారే పొగలో విషవాయువు పాలు మరింత ఎక్కువ.

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పొగలోని ఇతర పదార్థాల వాసనయే మనకు హెచ్చరిక; సెంటు సీసా ఆ హెచ్చరికను కప్పివేస్తుంది. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మంచి గాలిలోకి వచ్చిన తరువాత కూడా అది సగానికి తగ్గడానికి సుమారు 4, 5 గంటలు పడుతుంది. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరు దీనిని గుర్తించలేదు. మోనాక్సైడు పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కగట్టి, ప్రమాదంలో ఉన్న రోగికి సైతం 98 చూపగలదు. షెడ్డులోని సర్టిఫికెట్టు, ఇంట్లోని ఆక్సీమీటరు రెండూ మనం అడగని ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి.

నాలుగవసారి రోగచరిత్ర వ్రాసినట్లు అన్నీ కాగితం మీద వ్రాసి ఇచ్చాను. “రాత్రికి బండి ఇక్కడే ఉండనీ. పొద్దున్నే చల్లని ఇంజిను నా ఎదుట స్టార్టు చెయ్యి నాయనా” అన్నాను. మరునాడు స్టార్టు చేయగానే ‘టిక్ టిక్’మని చప్పుడు వినిపించింది. ఎగ్జాస్టు మానిఫోల్డు గ్యాస్కెట్టు ప్రక్కన నల్లని మసి గీత. ఇంజిను వేడెక్కితే లోహం వ్యాకోచించి సందు కొంత మూసుకొంటుంది, చప్పుడు అణగిపోతుంది. షెడ్డుకు వేడి మీద వచ్చిన బండిలో అందుకే అది దొరకలేదు.

గ్యాస్కెట్టు మార్చాడు. మూడు వారాలు బాగుండి వాసన తిరిగి వచ్చింది. ఇప్పుడు మానిఫోల్డే వంగిందంటున్నాడు. కొత్తది ఇంకా రాలేదు. అంతవరకు కారు షెడ్డులో, మేము ఆర్టీసీ బస్సులో. మా శ్రీమతికి తలనొప్పి లేదు.

కారులో తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత కలిగితే, ముఖ్యంగా ఒకరికి మించి కలిగితే, వెంటనే బండి ఆపి, ఇంజిను కట్టివేసి, అందరూ బయటికి రండి. బాధ తగ్గకపోయినా, స్పృహ తప్పినా, గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవారు ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. కారు పొగ పీల్చిన సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. అప్పుడే సరియైన రక్తపరీక్ష జరుగుతుంది, మాస్కుతో ఆక్సిజన్ అందుతుంది. ఆగి ఉన్న కారులో ఏ.సి. వేసుకొని నిద్రపోవద్దు.

మెకానిక్కు దగ్గరికి వెళ్లినా, వైద్యుని దగ్గరికి వెళ్లినా “మళ్లీ వచ్చింది” అని మాత్రం చెప్పి ఊరుకోకండి. ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఏమి చేస్తే తగ్గుతుంది? ఈ మూడూ చెప్పండి.