'మాచర్ల' నోట రాలేదు

పొద్దున టీ తాగుతుంటే ఎడమ మూల నుంచి కారిపోయింది. అద్దంలో చూస్తే మూతి కుడివైపుకి లాగేసి ఉంది. "రాత్రి లాంచీల రేవు దగ్గర కూర్చున్నావు కదే, సాగర్ గాలి కొట్టింది" అంది అమ్మ. మా విజయపురి సౌత్‌లో ప్రతి జబ్బుకీ ఆ గాలే కారణం! నాన్న మాత్రం పక్షవాతమని బెదిరిపోయాడు. బస్సులో కండక్టర్‌కి 'మాచర్ల' అని చెప్పబోతే 'మ' పలకలేదు. రెండు పెదాలూ గట్టిగా కలిస్తేనే కదా ఆ అక్షరం.

డాక్టర్ చేతులు, కాళ్లు చూసి, "కనుబొమ్మలు ఎత్తమ్మా" అన్నారు. కుడివైపు నుదురు ముడతలు పడింది. ఎడమవైపు నున్నగా ఉండిపోయింది. అది చూసి ఆయన తేలికపడ్డారు. స్ట్రోక్‌లో మామూలుగా నుదురు కదులుతుందట, దానికి మెదడు రెండువైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి కాబట్టి. నాది బెల్స్ పాల్సీ. చెవి దగ్గర ఎముకలోని ఇరుకు దారిలో వెళ్లే ఏడో నరం వాచింది. (ఇది ఇంట్లో తేల్చుకునే టెస్ట్ కాదు సుమా, మూతి వంకరపోతే వెంటనే ఆస్పత్రికే.) స్టీరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయట.

అసలు బాధ మూతితో కాదు, కన్నుతో. నిద్రలోనూ మూతపడదు. ఎండిపోతే నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి టేప్. వీడియో కాల్స్ అన్నీ 'నెట్‌వర్క్ లేదు' అని ఎగ్గొట్టా.

మూడో వారంలో పెదవి మూల కాస్త అదిరింది. ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో, నెలల్లోనో తగ్గిపోతుంది. నాకు రెండు నెలలైంది. 'మాచర్ల' వచ్చేసింది. ఈల ఇంకా రాలేదు.